డెల్టాలో కోటు: వేసుకున్నవాళ్ళ కథ, కుట్టినవాళ్ళ కథ

సూటు గురించి మన దగ్గర మూడు వాదాలు చాలాకాలంగా నడుస్తున్నాయి. అది దొరలు వదిలిపోయిన వేషమని ఒకరంటారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే కృష్ణా డెల్టాలో ఉన్నికోటు ఎందుకని మరొకరంటారు. ఒంటి మీద చొక్కా వేసుకుంటేనే ఓర్వలేని సమాజంలో అది తలెత్తుకు తిరిగే హక్కుకు గుర్తని ఇంకొకరంటారు. మూడింటిలోనూ నిజముంది, మూడింటికీ చరిత్రలో ఆధారం దొరుకుతుంది. అయితే ఈ వాదాలన్నీ వేసుకునేవాళ్ళ చుట్టూనే తిరుగుతాయి. కోటు కుట్టినవాడు వాటిలో ఎక్కడా కనపడడు. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్నాల్లో, మా నందివెలుగు లాంటి పల్లెల్లో కోటు ఎలా అడుగుపెట్టింది, ఎవరి ఒంటి మీద నిలిచింది, ఎవరి చేతిలో తయారైంది అన్నది ఒకచోట చేర్చి చూసుకోవాల్సిన సమయం ఇది. ఆ చేతి విద్య మన కళ్ళముందే తరిగిపోతోంది.

కుట్టిన బట్ట మనకు కొత్త కాదు

పంచె, కండువా, చీర మాత్రమే మన బట్టలనీ, కత్తెర పడ్డదంతా బయటనుంచి వచ్చిందేననీ ఒక నమ్మకం ఉంది. శిల్పాలు మరో కథ చెబుతాయి. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన నాగార్జునకొండలో ఒక స్తంభం మీద శక సైనికుడి బొమ్మ ఉంది. పొడవు చేతుల అంగీ, కాళ్ళకు పంట్లాం, తలకు టోపీ. మనిషి పరదేశి కావచ్చు, అతని కుట్టుబట్టను మన శిల్పి అంత దగ్గరగా చూసి చెక్కాడు.

విజయనగరం నాటికి ఈ బట్ట రాజసభలోకి ఎక్కింది. కన్నడరాయడి కొలువుకు వెళ్ళిన శ్రీనాథుడు కుళ్ళాయి పెట్టుకుని, పెద్ద కూర్పాసం తొడుక్కుని నిలబడాల్సి వచ్చిందని ఆయన పేరిట నడుస్తున్న చాటువు చెబుతుంది. లేపాక్షి చిత్రాల్లో పొడవాటి తెల్ల అంగీలు, మొన తేలిన టోపీలు పెట్టుకున్న పురుషులు వరసగా కనపడతారు. కృష్ణదేవరాయలను కళ్ళారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు పయెస్, ఆయన బంగారు పూల తెల్లపట్టు బట్టలో, జరీ టోపీతో ఉన్నాడని రాశాడు. అదే రాయలు తిరుమలలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ కంచు విగ్రహంలో తలమీద టోపీ ఉంది కానీ పైన అంగీ లేదు.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ఒక పద్ధతి తేటపడుతుంది. నలుగురిలో, అధికారంలో, వ్యవహారంలో కుట్టిన బట్ట. దేవుడి ముందు, ఇంటి శుభకార్యంలో కుట్టని బట్ట. ఐదు వందల ఏళ్ళ తర్వాత ఇప్పటికీ మన పెళ్ళికొడుకు ముహూర్తానికి మధుపర్కాలు కట్టుకుని, రిసెప్షన్‌కి సూటు వేసుకుంటున్నాడు. సూటు వచ్చి మన పద్ధతిని చెరిపేసిందనడం కంటే, మన పద్ధతిలో ముందే ఉన్న ఒక చోటులో అది కుదురుకుందనడం సబబు.

నిజాంపట్నం రేవు, లండన్ దర్జీ

సూటు పుట్టుక ఇంగ్లండుదే. కానీ ఆ పుట్టుకలో తూర్పుదేశాల పాలు తక్కువేం కాదు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మన తీరానికి వచ్చి, పెటపోలి అని వాళ్ళు పిలుచుకున్న నిజాంపట్నంలోనూ మచిలీపట్నంలోనూ బేరాలు మొదలుపెట్టింది. రేపల్లెకు దగ్గరున్న ఆ రేవు చుట్టుపక్కల దొరికే చిరువేరు ఎర్ర రంగుకు అప్పుడు దేశదేశాల్లో గిరాకీ. కోరమాండల్ అద్దకం బట్టలు యూరప్ చేరి, ఇంట్లో తొడుక్కునే వదులు గౌన్లుగా మారాయి. వాటిని అక్కడ ‘బన్యన్’ అన్నారు.

1666 అక్టోబరులో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్, ఇకనుంచి తన కొలువులో పొడవాటి వెస్టుకోటు తొడుగుతామని ప్రకటించాడు. అది పర్షియా తీరు బట్ట అని ఆ రోజుల్లోనే రాసుకున్నారు. కోటు, వెస్టు, కింద లాగు అనే మూడు ముక్కల సూటుకు అదే మొదలని చరిత్రకారులు చెబుతారు. ఈ ప్రకటనను డైరీలో రాసిపెట్టిన సామ్యూల్ పీప్స్, అదే ఏడాది ఒక ఇండియన్ గౌను అద్దెకు తెచ్చుకుని తొడుక్కుని బొమ్మ గీయించుకున్నాడు.

ఆ తర్వాత నూట యాభై ఏళ్ళకు పట్టు, జరీ, లేసు పోయి ముదురు రంగు ఉన్నికోటు, పొడవాటి పంట్లాం వచ్చాయి. బ్రమ్మెల్ అనే లండన్ షోకిలా ఈ మార్పుకు పేరు తెచ్చాడు. నగల మెరుపును కాదని, బట్ట ఒంటికి ఎంత బాగా అమరిందన్నదే గొప్పతనానికి కొలత అయింది. దర్జీ విలువ ఒక్కసారిగా పెరిగింది అక్కడే. 19వ శతాబ్దం మొదట్లో అంగుళాల టేపు వాడుకలోకి వచ్చింది. అంతకుముందు మనిషికో కాగితపు పట్టీ పెట్టుకుని దానిమీద గాట్లు పెట్టేవారు. 1846లో లండన్‌లో హెన్రీ పూల్ దర్జీ దుకాణం సావిల్ రో వీధి వైపు తలుపు తెరిచింది. అదే ఏడాది అమెరికాలో ఎలియాస్ హౌ కుట్టుమిషన్‌కు పేటెంటు పొందాడు. 1851లో సింగర్ తన మిషన్‌కు పొందాడు. చేతికుట్టు శిఖరానికి చేరిన కాలం, మిషన్ పుట్టిన కాలం ఒకటే.

ప్లీడరు కోటు, ఖద్దరు లాల్చీ

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. కాలవల వెంట వరి, వరి వెంట డబ్బు, డబ్బు వెంట ఇంగ్లీషు చదువు వచ్చాయి. 1885లో గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల మొదలైంది. కలెక్టరు కచేరీ, మునసబు కోర్టు, హైస్కూలు చుట్టూ ఒక కొత్త వర్గం తయారైంది. ఆ తరం పంతుళ్ళ, ప్లీడర్ల ఫొటోల్లో కింద పంచె, పైన మెడదాకా గుండీలున్న కోటు, భుజాన ఉత్తరీయం, తలకు పాగా ఉంటాయి. కందుకూరి వీరేశలింగం రూపం మన మనసులో నిలిచింది ఆ పాగా, కోటుతోనే. దీన్ని సగం సగం వేషమని తీసిపారేయకూడదు. కచేరీకి కావలసిన కోటును తీసుకుని, ఎండకూ కూర్చునే అలవాటుకూ తగిన పంచెను ఉంచుకున్న ఆలోచన అది. ఆ కోటు కుట్టడానికి డెల్టా పట్నాల్లో దర్జీలు ఇంగ్లీషు కత్తిరింపు నేర్చుకున్నారు.

పూర్తి సూటు వేసుకున్నవాళ్ళు తక్కువ. 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చిన టంగుటూరి ప్రకాశం వాళ్ళలో ఒకరు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి తెనాలిలో స్థిరపడ్డ కవిరాజు త్రిపురనేని రామస్వామి మరొకరు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగేనాటికి ఈ చదువుకున్న వర్గం ఒక రాజకీయ శక్తి.

1921 ఈ వర్గం బట్టల బీరువాలను తిరగేసింది. మార్చి నెలాఖరున బెజవాడలో కాంగ్రెసు సమావేశం, ఆ వెంటనే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల–పేరాల జనం ఊళ్ళు ఖాళీ చేసి రామనగర్‌లో పందిళ్ళు వేసుకోవడం, సెప్టెంబరు 22న మదురైలో గాంధీజీ కొల్లాయికి మారడం. ప్రకాశం లక్షలు తెచ్చే ప్రాక్టీసు వదిలేశారు. కోటు విప్పడం ఒక ప్రకటన అయింది.

కానీ దర్జీ దుకాణం మూతపడలేదు. ఖద్దరు తాను తెచ్చినవాడు కూడా లాల్చీ కుట్టించుకోవాల్సిందే. యంత్రాలను అంతగా వ్యతిరేకించిన గాంధీజీ 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషన్‌ను మాత్రం మినహాయించారు. 1930లలో కలకత్తా నుంచి ఉషా మిషన్లు రావడంతో సింగర్‌కు దేశీ జోడు దొరికింది. దర్జీల మరో పోషకురాలు రంగస్థలం. తెనాలి రామవిలాస సభలో బాపట్లవాడైన స్థానం నరసింహారావు సత్యభామగా, రోషనారాగా నిలబడిన రోజుల్లో, మగవాడి ఒంటి మీద ఆడవేషం నప్పేలా రవిక కుట్టడం అంటే కొలత పట్టిన చేయి ఎంత గట్టిదో చూపించుకోవడమే.

టెరిలిన్ రోజులు

స్వాతంత్ర్యం తర్వాత సూటును మళ్ళీ జనంలోకి తెచ్చినవి రెండు: సినిమా, టెరిలిన్. తెనాలి పక్కన బుర్రిపాలెం నుంచి వెళ్ళిన కృష్ణ 1966లో ‘గూఢచారి 116’ అయ్యాడు. ఊరి కుర్రాడు పరదేశపు గూఢచారిలా తయారై తెరమీద కనపడితే తెనాలి దర్జీకి పని పెరగకుండా ఉంటుందా? హీరో కాలరు ఎంత వెడల్పు, పంట్లాం కింద ఎన్ని అంగుళాలు అన్నది హాలు నుంచి నేరుగా దుకాణానికి వచ్చేది. 1970లలో బెల్ బాటమ్, ఆ తర్వాత సఫారీ, ప్రతి మోజూ మాస్టరు కొలతల పుస్తకంలో ఒక కొత్త అంకె రాయించింది.

టెరిలిన్ 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టిన పాలియెస్టరు దారం. మడత నలగదు, ఉతికితే వెంటనే ఆరుతుంది, ఏళ్ళ తరబడి చిరగదు. ఉన్ని కొనలేని ఇంటికి కూడా పంట్లాం పీసు అందింది. 1925లో మొదలైన రేమండ్, 1966లో నరోడాలో మిల్లు పెట్టిన రిలయన్స్ వారి విమల్, ఇంకా గ్వాలియర్, బిన్నీల పేర్లు బట్టల దుకాణాల బోర్డుల మీద ‘సూటింగ్స్, షర్టింగ్స్’ కింద చేరాయి. అల్లుడికి సూటు బట్ట పెట్టడం మర్యాదల్లో ఒకటైంది.

కోటు లేనివాడికి ఫొటో స్టూడియో ఒక దారి చూపింది. గోడకు తగిలించిన ఒక కోటు, ముడి వేసి ఉంచిన ఒక టై. ఊళ్ళోని కుర్రాళ్ళంతా వంతులవారీగా దాన్నే తొడుక్కుని పెళ్ళి సంబంధాలకు, ఉద్యోగాల దరఖాస్తులకు ఫొటో దిగేవారు. వెనకనుంచి పిన్నులు పెట్టి బిగించిన ఆ కోటులో డిగ్రీ చదివిన ఒక తరం ఆశ ఉంది. దాన్ని తేలిగ్గా చూడకూడదు.

రోజూ కోటు వేసుకునేవాళ్ళు మాత్రం కొద్దిమందే మిగిలారు. తెనాలి, రేపల్లె, బాపట్ల కోర్టుల్లో న్యాయవాదులు, రైళ్ళలో టిక్కెట్టు తనిఖీ చేసేవాళ్ళు. బార్ కౌన్సిల్ నిబంధనల్లో కింది కోర్టులకు వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదని సడలింపు ఉంది. ఎండ గురించిన రెండో వాదాన్ని నిబంధన రాసినవాళ్ళే ఒప్పుకున్నారన్నమాట.

విగ్రహం మీది సూటు

డెల్టా పల్లెల్లో నిత్యం కళ్ళబడే సూటు ఒకటే ఉంది. అది అంబేద్కర్ విగ్రహం మీది సూటు. నీలం కోటు, ఎర్ర టై, జేబులో కలం, ఎడమచేతిలో పుస్తకం, ముందుకు చాచిన కుడిచేయి. కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన మనిషి తన విద్వత్తుకు తగ్గ బట్ట వేసుకోవడంగా మొదలైన ఈ సూటు, ఇక్కడ ఇంకో బరువును మోసింది. దళితుడు తెల్లచొక్కా వేసుకున్నా, చెప్పులతో వీధిలో నడిచినా, కండువా భుజాన ఉంచుకున్నా తప్పు పట్టిన ఊళ్ళు ఇవి. 1985 జులై 17న చీరాల పక్కన కారంచేడులో, 1991 ఆగస్టు 6న తెనాలి పక్కన చుండూరులో దళితులను ఊచకోత కోశారు. కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టింది, ఆ ఉద్యమం వెంట పల్లెపల్లెనా విగ్రహాలు లేచాయి. ఖద్దరు కట్టి కోటు విప్పిన నాయకుడికి విప్పడానికి ఒక కోటు ఉంది. అసలు వేసుకోనివ్వని వాడికి వేసుకోవడమే ప్రకటన. 1921నూ 1991నూ కలిపి చదివితేనే సూటు రాజకీయం అర్థమవుతుంది.

ఈ విగ్రహాలతో తెనాలికి ప్రత్యేకమైన అనుబంధం ఉంది. కంచు, ఫైబరు విగ్రహాల తయారీకి ఈ ఊరు పెట్టింది పేరు. ఇక్కడి శిల్పి మట్టిలో కోటు చేసేటప్పుడు చేయి ముందుకు చాస్తే చంక కింద బట్ట ఎలా లాగుతుంది, బిగించిన గుండీ దగ్గర ముడతలు ఎటు పోతాయి, కాలరు మెడ వెనక ఎంత ఎత్తున నిలుస్తుంది అన్నవన్నీ తెలుసుకుని చేస్తాడు. దర్జీ చాచిన చేతికి ముడత రాకుండా చూస్తాడు. శిల్పి ఆ ముడతను పట్టుకుంటాడు. ఇద్దరిదీ శరీరాన్ని చదివే విద్యే. 2024 జనవరిలో విజయవాడ స్వరాజ్య మైదానంలో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేద్కర్ లేచి నిలబడ్డాడు. మన రాష్ట్రంలో అంతకన్నా పెద్ద కోటు లేదు.

ఒక కోటు ఎలా తయారవుతుంది

ఇప్పుడు కుట్టేవాడి దగ్గరకు వద్దాం. కోటు తెలిసిన కటింగ్ మాస్టరు టేపు తీసేముందు మనిషిని నిలబెట్టి చూస్తాడు. బస్తాలు మోసిన భుజం ఒకవైపు దిగి ఉంటుంది. బల్ల మీద వంగి లెక్కలు రాసిన వీపు గూని పడుతుంది. పొట్ట ముందుకున్నవాడు నిలబడే తీరు వేరు. వీపు పొడవు, అర వీపు, భుజం, చేయి, ఛాతీ, నడుము, సీటు కొలిచి పుస్తకంలో రాసి, పక్కన ‘కుడి భుజం దిగుడు’ అని గుర్తు పెట్టుకుంటాడు. అంకెలు ఇద్దరికి ఒకటే కావచ్చు, ఆ గుర్తులోనే పనితనం ఉంది.

సుద్దతో గీసి కత్తిరించేటప్పుడు కుట్ల లోపల అదనంగా బట్ట వదులుతాడు. రేపు మనిషి ఒళ్ళు చేస్తే, ఎల్లుండి కొడుకు తొడుక్కుంటే విప్పి వెడల్పు చేయడానికి అది పనికొస్తుంది. బట్టకూ లైనింగుకూ మధ్య, పైకి కనపడని చోట కాన్వాసు ఉంటుంది. మంచి కాన్వాసులో ఉన్ని, గుర్రపు వెంట్రుకలు కలిసి ఉంటాయి. కోటు ముందు మడతను, అంటే లాపెల్‌ను, చూపుడువేలు మీద ఒంచి పట్టుకుని, బట్టనూ కాన్వాసునూ కలుపుతూ చిన్నచిన్న చేతికుట్లు వందల్లో వేస్తారు. ఒంపులో కుట్టింది కాబట్టి లాపెల్ ఇస్త్రీ లేకుండానే ముందుకు తిరిగి నిలుస్తుంది. తడిగుడ్డ పరిచి బరువైన ఇస్త్రీపెట్టె నొక్కి, ఉన్నిని ఒకచోట కుదించి మరోచోట సాగదీసి ఛాతీకి గుండ్రం తెస్తారు. ఉన్ని ఆ మాట వింటుంది, పాలియెస్టరు వినదు.

తర్వాత తెల్లదారంతో పెద్దపెద్ద కచ్చా కుట్లు వేసి ట్రయల్. అన్నిటికన్నా కష్టం చేయి ఎక్కించడం. చేతి చుట్టుకొలత చంక రంధ్రం కంటే కొద్దిగా ఎక్కువ ఉంటుంది. ఆ ఎక్కువను ముడత కనపడకుండా సర్దుతూ కుట్టాలి. అది కుదిరితే చేయి ఎత్తినా కోటు మొత్తం పైకి లేవదు. సావిల్ రోలో ఒక సూటుకు కనీసం 50 గంటల చేతిపని పడుతుందని అక్కడి సంఘం లెక్క. పద్ధతి తెలిసిన చేయి లండన్‌లో ఉన్నా తెనాలిలో ఉన్నా ఆ పని అంత సమయం అడుగుతుంది.

ఇప్పుడు మార్కెట్లో దొరికే చాలా కోట్లలో కాన్వాసుకు బదులు జిగురు పూసిన గుడ్డను వేడితో అంటిస్తారు. దీన్ని ఫ్యూజింగ్ అంటారు. గంటల పని నిమిషాల్లో అయిపోతుంది, ధర దిగుతుంది. కొన్నాళ్ళకు జిగురు వదిలితే ఛాతీ మీద బుడగలు తేలతాయి, దాన్ని ఇక బాగుచేయలేరు.

ఎవరు మిగిలారు

కుట్టుపని తెలంగాణలో మేర కులస్తుల వృత్తి. మా డెల్టా పట్నాల్లో దూదేకుల, ముస్లిం కుటుంబాలు ఈ పనిలో ఎక్కువగా ఉన్నాయి, తర్వాత అన్ని కులాలవాళ్ళూ చేరారు. నేర్చుకోవడానికి ఒక నిచ్చెన ఉండేది. కుర్రాడు మొదట గుండీలు, కాజాలు కుడతాడు. తర్వాత మిషన్ ఎక్కి లాగులు, చొక్కాలు, పంట్లాలు. చాలా ఏళ్ళకు కత్తెర చేతికొస్తుంది. ఆఖరి మెట్టు కోటు. రెడీమేడ్ వచ్చి ఈ నిచ్చెనలో కింది మెట్లను తీసేసింది. చొక్కా, పంట్లాం కుట్టించుకునేవాళ్ళు తగ్గితే కాజాల కుర్రాడికి చోటు లేదు, కాజాల కుర్రాడు లేకపోతే ఇరవై ఏళ్ళ తర్వాత కోటు మాస్టరు ఉండడు. రిసెప్షన్ కోటుకు షేర్వాణీ పోటీ వచ్చింది, అద్దె సూట్లూ వచ్చాయి.

వృత్తి మొత్తం చచ్చిపోలేదు. అది ఆడవాళ్ళ బట్టల వైపు నడిచింది. జాకెట్టు ఇప్పటికీ కొలత ప్రకారమే కుట్టాలి. మగ్గం వర్కుతో దాని విలువ పెరిగింది. ఇళ్ళలో మిషన్ పెట్టుకున్న ఆడవాళ్ళే ఇప్పుడు ఈ విద్యకు అసలైన వారసులు. 2020 జూన్ 10న మొదలైన జగనన్న చేదోడు పథకం కింద తొలి విడతలో షాపులున్న 1,25,926 మంది దర్జీలకు పదేసి వేల రూపాయలు అందాయి. అప్పటికి అంతమంది చేతుల్లో ఈ పని బతికుందని ఆ అంకె చెబుతుంది. 2023 సెప్టెంబరు 17న వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం ఇస్తారు. ఇలాంటి సాయం దుకాణాన్ని నిలబెడుతుంది. కోటు విద్యను నిలబెట్టడానికి ఇంకా కొంత కావాలి.

ఏం చేయవచ్చు

మూడు వాదాలకూ జవాబు ఇప్పుడు చెప్పుకోవచ్చు. సూటు దొరలతో వచ్చింది నిజం, అయితే కుట్టుబట్టకు మన కొలువుల్లో అంతకు ముందే పీట ఉంది. ఎండకు తగదన్నది నిజం, అయితే పల్చని ఉన్ని, సగం లైనింగు, నార బట్టలతో తగ్గట్టు కుట్టే విద్య ఉంది. అలా రెడీమేడ్ కోటు మనకోసం ఆలోచించదు, పక్కవీధి దర్జీ ఆలోచిస్తాడు. గౌరవానికి గుర్తన్నది అన్నిటికన్నా నిజం. ఆ గౌరవం కుట్టిన చేతికి కూడా దక్కాలి.

అందుకు పెద్ద ఉద్యమాలు అక్కర్లేదు. పెళ్ళి కుదిరిన ఇంట్లో సూటు పని ముహూర్తానికి వారం ముందు కాకుండా రెండు నెలల ముందు మొదలుపెట్టాలి. అమెరికా నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చే పెళ్ళికొడుకు, ముందు సారి వచ్చినప్పుడే కొలతలిచ్చి వెళ్ళాలి. బట్టకు ఎంత, కుట్టుకు ఎంత అని అడిగి, బట్ట కంపెనీ పేరుకు ఇచ్చే విలువలో సగమైనా కుట్టుకు ఇవ్వాలి. కాన్వాసు వేస్తారా, జిగురు వేస్తారా అని అడగాలి. అడిగేవాళ్ళుంటే ఆ పని నిలుస్తుంది. ఐటీఐల కుట్టు తరగతుల్లో మిగిలిన కొద్దిమంది కోటు మాస్టర్లను పిలిచి పాఠం చెప్పించాలి. చేయి ఎక్కించడం, లాపెల్ కుట్టడం వీడియో తీసి పెట్టాలి. జాకెట్టులో ఆరితేరిన ఆడవాళ్ళకు కోటు నేర్పాలి. ఒంటి ఒంపుకు బట్టను అమర్చడంలో వాళ్ళకు సగం దారి ఇప్పటికే తెలుసు.

తెనాలిలో నిండుగా కోటు కుట్టగల మాస్టర్లు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి వీలున్నది ఈ కొద్ది ఏళ్ళే. వాళ్ళకు పని ఇవ్వడం, వాళ్ళ పక్కన ఒక శిష్యుడినో శిష్యురాలినో కూర్చోబెట్టడం మన చేతిలో ఉన్న పని. ఈ పెళ్ళిళ్ళ సీజనుతోనే అది మొదలుకావాలి.